సంఘంలో సభ్యురాలైన చీరె

ఊరందరిలోకీ మంచి కాపరి అని గుండ్లబండ గొర్రెల సంఘం వాళ్ళు పోచయ్య తలకు రుమాలు చుట్టిన రోజున, అతని పెళ్ళాం రుక్కమ్మ అతని చెప్పులు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. చెప్పులు ఎందుకు పట్టుకుందంటే, కింద పెడితే కుక్క ఎత్తుకుపోతుంది. లోపలికి ఎందుకు వెళ్ళలేదంటే, ఆమె ఆడమనిషి. ఈ రెండు కారణాల్లో కుక్కదే కాస్త న్యాయంగా ఉంది.

పోచయ్య చెడ్డవాడేం కాదు. ఒగ్గుకథ చెప్పే బృందంలో డోలు కొడతాడు. కథలో పుట్ట పగిలి గొర్రెలు బయటికొచ్చే ఘట్టం దగ్గర అతని డోలు వింటే పొరుగూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చునేవారు. కానీ ఆ మోత పుట్టినప్పటి నుంచీ వింటున్న సొంత గొర్రెలు మాత్రం పోచయ్య వాకిట్లో దగ్గితే చాలు, అవతలి గోడకు అతుక్కుపోయేవి. నీ గొర్రెలేవి అని ఎవరైనా అడిగితే, "నల్లగున్నయన్ని నావే" అనేవాడు. ఆ ఊళ్ళో గొర్రెలన్నీ నల్లగానే ఉంటాయి.

మందను కాసేది రుక్కమ్మ. గుండ్లబండ రాయదుర్గానికీ హఫీజ్‌పేటకూ నడుమ, ఎవరో పిల్లలు ఆడి వదిలేసినట్టు ఒకదానిమీద ఒకటి పడి ఉన్న పెద్ద పెద్ద గుండ్ల మధ్య ఉంటుంది. ఎండాకాలం పొద్దెక్కేసరికి ఆ బండలమీద రొట్టె కాల్చుకోవచ్చు. అందుకని రుక్కమ్మ వెలుగు రావడంతోనే మందను తోలేది. ఎండ ముదిరేలోపు కడుపులు సగమన్నా నిండాలి. ఆ తరువాత గొర్రె మేయదు. ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూర్చి, అన్నీ కలిసి ఒక ముద్దలా నిలబడిపోతాయి. పక్కదాని నీడ తనకు దక్కిందని ప్రతి గొర్రే అనుకుంటుంది, అన్నీ కలిసి ఉడుకుతాయి. రుక్కమ్మ వాటిని చెవులు పట్టి విడదీసి పెద్ద గుండు నీడకు తెచ్చేది. పొద్దు తిరిగితే నీడ జరుగుతుంది. నీడ వెంట మంద జరగాలి. మందకు ఆ సంగతి ఏ రోజుకా రోజు కొత్తే.

"జరుగు. మీ అయ్య కట్టిచ్చిండా గీ గుండు, ఆడనే గూసున్నవ్" అని ఒక్కొక్కదాన్నీ తిడుతూ గుండు చుట్టూ తిప్పేది.

రొప్పుతూ వచ్చిన గొర్రెను వెంటనే నీళ్ళ మీదికి వదిలేది కాదు. గడ్డి లేని రోజుల్లో కొక్కెం కట్టిన పొడుగు కర్రతో తుమ్మకాయలు రాల్చేది, జమ్మి కొమ్మలు వంచేది. ఈనిన గొర్రెలకు ఇంటిదగ్గర కుడితి విడిగా పెట్టేది. ఎండకు నీరసపడ్డవాటికి ఉప్పు నాకించాలి. మిగతా కాపరులు ఉప్పుగల్లు బండమీద పెడితే, రుక్కమ్మ తన పచ్చ నేతచీరె కొంగున కట్టుకునేది. మంద ఆ కొంగు వాసన పట్టుకుని ఎక్కడికంటే అక్కడికి నడిచేది. తల్లి చచ్చిపోతే ఆమె ఒళ్ళో పెట్టుకుని పెంచిన సర్దార్ అనే పొట్టేలైతే నడుస్తూ నడుస్తూ కొంగు నమిలేది. కొమ్ములు తిరిగి, ఊళ్ళో కుక్కలన్నిటినీ తరిమేంత పెద్దదయ్యాక కూడా ఆ అలవాటు మానలేదు.

ఇక సంఘానికి ఒక పద్ధతి ఉంది. సభ్యుడు రాలేని రోజున అతని గొంగడి తెచ్చి అతని చోట పరిస్తే, మనిషి వచ్చినట్టే లెక్క. కథలు చెప్పడానికి ఊళ్ళు తిరిగే పోచయ్య చోటులో ఏడాది పొడుగునా గొంగడే కూర్చునేది. రుక్కమ్మ దాన్ని మోసుకొచ్చి, గడప బయటి నుంచే లోపలికి అందించి, వాకిట్లో నిలబడేది. ఆ గొంగడికి ఉన్ని వడికింది కూడా ఆమే. ఎండను, నీడను, మొగుణ్ణి, గొర్రెను, ఎవరినీ వదలకుండా తిట్టే రుక్కమ్మ, ఈ ఒక్కదాని గురించి మాత్రం ఏళ్ళ తరబడి ఒక్క మాట అనలేదు. లోకం అంతే కాబోలు అనుకుంది. మన దేశంలో ఆడవాళ్ళ చేత చాలా పనులు ఈ ఒక్క మాటే చేయిస్తోంది.

డెబ్బై రెండులో వానలు లేవు. మరుసటి ఎండాకాలానికి గుట్టమీద గరిక కాదు గదా, గరిక ఉండేదని చెప్పే ఆనవాలు కూడా మిగల్లేదు. తుమ్మకాయలు అయిపోయాయి. జమ్మిచెట్లకు కొమ్మలే మిగిలాయి. పాలు లేక గొర్రెపిల్లలు గంపల కింద రోజంతా అరుస్తున్నాయి. పచ్చగా మిగిలింది ఒక్క చెరువు శిఖం, అంటే చెరువు లోపలి నేల. నీళ్ళు ఇంకిపోయిన మడుగులో తుంగ ఇంకా ఉంది. దాన్ని సంఘం పంచుతుంది. భాగం దక్కిన మంద వానల దాకా నిలుస్తుంది, దక్కనిది నిలవదు. రుక్కమ్మకు ఆ ఎండాకాలం వేరే ఆలోచన లేదు.

పంపకం చూడడానికి తాలూకా సహకార ఆఫీసు నుంచి సూపర్‌వైజర్ చలపతిరావు వచ్చాడు. కాకినాడ వైపు మనిషి. హఫీజ్‌పేటలో రైలు దిగి, కిరాయి సైకిలు తీసుకుని, సగం దారి సైకిలు తనను మోస్తే మిగతా సగం తనే సైకిలును మోసుకొచ్చాడు. కిందటేడు గొర్రెలు లేనివాళ్ళు కూడా పక్కవాడి మందను చూపించి భాగం కొట్టేశారని ఆయనకు తెలిసింది.

"మందలన్నీ ఒకచోట కలపండి. సభ్యులు ఒక్కొక్కరే వచ్చి మీ మందను పిలవండి. పిలిస్తే వచ్చినవి మీవి. పిలిచినా రానివాళ్ళకు భాగం లేదండి" అన్నాడు.

సంఘం పెద్ద మొగిలి, వరసకు పోచయ్య మేనమామ, నవ్వాడు. "గంతేగద సారూ. బాయికాడ మందలు కలిస్తె దినాం మేం చేసేది గదే."

అందరూ నవ్వారు. పోచయ్య నవ్వలేదు.

ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఏందయ్యా, మొకం గట్ల వెట్టినవ్" అంది రుక్కమ్మ.

"ఎల్లుండి గొర్లను పిలువాల్నంట."

"పిలువు."

"నేను పిలిస్తె వస్తయా?"

"వచ్చుడు సంగతి తెల్వది. ఉరుకుడైతే పక్కా."

రుక్కమ్మ ఆ మాటతో ఊరుకోలేదు. మొగిలి ఇంటికి పోయి, "మామా, మంద నా ఎనుక తిరుగుతది. నేను పిలుస్త" అంది.

"సంఘంల ఉన్నోడే పిలువాలె బిడ్డా."

"మరి నన్ను సంఘంల వెట్టుకోండ్రి."

"ఆడోళ్ళకు గొంగడెక్కడిది?" అన్నాడు మొగిలి, ఎవరి మీదా కోపం లేకుండా. లోపల మొగిలి పెళ్ళాం కనకలక్ష్మి గిన్నెలు కొంచెం గట్టిగా సర్దింది.

మర్నాడు పొద్దున్నే పోచయ్య సాధన మొదలుపెట్టాడు. రుక్కమ్మ పిలుపు చిన్నది. నాలుకతో "త్రుర్ర్" అని, "దాయే దాయే" అంటుంది, అంతే. పోచయ్య అలా అనలేకపోయాడు. గొంతు సవరించుకుని, ఒక చెయ్యి చెవికి ఆనించి, రెండో చెయ్యి ఆకాశంలోకి చాపి, "దా" దగ్గర ఎత్తుకుని ఎటెటో తిరిగి, ఊపిరి అయిపోయే వేళకు "యే" దగ్గర దిగాడు. గొర్రెలన్నీ దొడ్డి మూలకు పోయి ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. ఒక ముసలి గొర్రె కుడితి తొట్టిలో దూకింది. కనకలక్ష్మి చెంబు పట్టుకుని గోడ అవతల ప్రత్యక్షమైంది.

"ఏం అమ్ముతున్నవ్ పోచయ్యా?"

"గొర్లను పిలుస్తున్నత్తా."

"నేను కల్లు అనుకున్న" అని ఖాళీ చెంబుతో వెనక్కి పోయింది.

మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది. గొర్రె ఒక్కటీ దగ్గరికి రాలేదు. కథల్లో దేవుళ్ళు కష్టం వచ్చినప్పుడల్లా వేషం మారుస్తారు. ఆ దారి పోచయ్యకు బాగా తెలిసిన దారి.

"రుక్కీ, గా పచ్చ చీరె ఇయ్యి."

"ఎందుకు?"

"కట్టుకుంట."

రుక్కమ్మ చేతిలో పని ఆపి అతని నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది.

"ఎండదెబ్బ గాదే. గొర్లు నీ ఎనుక వస్తలేవు, నీ చీరె ఎనుక వస్తున్నయ్. మీద గొంగడి కప్పుకుంట. మందికి కనవడది. గొర్లకు వాసనొస్తది."

"నేనే పోయి పిలుస్తనంటె వద్దంటిరి. నా చీరె పోతె ఒద్దన్రా?"

"నాకు రుమాలు కట్టిన్రే. ఇజ్జత్ పోతది."

చీరె కట్టుకుంటే ఇజ్జత్ మిగులుతుందా అని ఆమె అడగలేదు. గంప కింద పిల్లలు అరుస్తున్నాయి. పెట్టెమీదున్న కొత్త చీరె తను కట్టుకుని, పచ్చ చీరె అతనికి ఇచ్చింది.

పిలుపు రోజున రుక్కమ్మే అతని పంచె మీద చీరె చుట్టింది. కొంగున ఉప్పు కట్టి, గొంగడి అంచు కింది నుంచి కొంచెం వేలాడేలా వదిలింది. "నోరు తెరువకు. నువ్వు దేవునివి కాదు, డోలోనివి కాదు, ఏం కాదు. నడువు, అంతే" అని చెప్పింది.

శిఖం పక్కనున్న మైదానంలో మందలన్నీ కలిపి ఉన్నాయి. ఒక్కొక్కరే వచ్చి పిలవడం, వాళ్ళ గొర్రెలు విడిపడి పోవడం చకచకా జరుగుతోంది. చలపతిరావు గొడుగు వేసుకుని, సైకిలును ఒక గుండుకు ఆనించి చూస్తున్నాడు. పోచయ్య వంతు వచ్చింది. నడి ఎండలో, మెడ దాకా గొంగడి బిగించుకుని, చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ వచ్చాడు. చీరెలో పెద్ద అడుగు పడదని ఆడవాళ్ళకు తెలుసు, అతనికి ఇప్పుడే తెలిసింది.

"ఏమయ్యా, జ్వరమా?" అన్నాడు చలపతిరావు.

"సలి సారూ."

"ఈ ఎండలోనా?"

"లోపట్నుంచి సలి."

గొర్రెలు తలలెత్తాయి. ఒకటి ముక్కు ఎగబీల్చింది. ఇంకొకటి కదిలింది. పోచయ్య రెండడుగులు వేశాడు, వాటి వెనక ఇంకొన్ని విడిపడ్డాయి. మంద మొత్తం మెల్లగా అతని వైపు నడవసాగింది. జనం ఔరా అన్నట్టు గుసగుసలాడారు. ఆడవాళ్ళ గుంపులో నిలబడ్డ రుక్కమ్మ విడిపడ్డవాటిని లెక్కపెట్టుకుంటోంది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ జనం గుసగుస చెవిన పడితే పోచయ్య లాంటి కళాకారుడు ఊరుకోలేడు. చేతులు రెండూ పైకెత్తి, బొంగురు గొంతుతో, "సభవారికి దండం" అని ఎత్తుకున్నాడు.

మంద నిలిచిపోయింది. సర్దార్ ఒక్కటే ముందుకొచ్చింది. వాసన అమ్మది, గొంతు డోలుది. ఆ చిక్కు విప్పడానికి అది గొంగడి కిందికి తల దూర్చి, కొంగు పళ్ళతో పట్టుకుని లాగింది. పోచయ్య ఒక చుట్టు తిరిగాడు. సర్దార్ వెనక్కి నడిచింది. పోచయ్య ఇంకో చుట్టు తిరిగాడు. గొంగడి ఎటో పడిపోయింది. చీరె ఒక్కో మడతే విప్పుకుంటూ పోతుంటే, మధ్యలో బొంగరంలా తిరుగుతూ, "సర్దారూ, నేనురా" అంటున్నాడు. ఆఖరి మడత విడిపోయేసరికి పంచెతో, రుమాలుతో నేలమీద కూలబడ్డాడు.

సర్దార్ చీరెతో పరుగందుకుంది. ఉప్పు వాసనకు మంద, మందను చూసి మిగతా మందలు, అన్నీ పచ్చ చీరె వెంట పడ్డాయి. చీరె కొమ్ములకు చుట్టుకుని, కళ్ళమీద పడి, జెండాలా ఎగురుతూ తన వైపే వస్తుంటే చలపతిరావు గొడుగు వదిలేసి గుండు ఎక్కాడు. అంత ఎత్తు ఎలా ఎక్కాడో ఆయనకూ తెలియదు. సర్దార్ వచ్చి సైకిలును పొడిచింది. సైకిలు గంట మోగింది. తనను ఎవరో పిలిచారనుకుని మళ్ళీ పొడిచింది. మళ్ళీ మోగింది. ఆ పొట్టేలుకు ఇంత మర్యాదగా జవాబిచ్చినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు.

రుక్కమ్మ ఆడవాళ్ళ గుంపులోంచి ముందుకొచ్చి, "త్రుర్ర్, దాయే దాయే" అంది, రోజూ అన్నట్టే.

దుమ్ములోంచి ఆమె గొర్రెలు విడిపడ్డాయి. కొత్త చీరెను కాస్త అనుమానంగా చూసినా, వచ్చి చుట్టూ నిలబడ్డాయి. సర్దార్ మాత్రం సైకిలుతో మాట్లాడడం ఆపలేదు.

"అమ్మా, కాస్త ఆ పొట్టేలును అవతలికి తీసుకెళ్ళండి" అన్నాడు చలపతిరావు పైనుంచి.

రుక్కమ్మ వెళ్ళి సర్దార్ కొమ్ము పట్టుకుంది. పట్టుకుంది గానీ కదిలించలేదు.

"తీస్కపోత సారూ. మంద ఎవలికొచ్చింది?"

"మీకే వచ్చిందండి."

"మరి నా పేరు రాయుండ్రి."

మొగిలి అడ్డం వచ్చాడు. "సంఘంల లేని మనిషి పిలుపు లెక్కకు రాదు సారూ. ముందుగాల గొర్లు వచ్చింది చీరెకు. గది అందరు చూసిన్రు."

"చీరె లోపట నేనుంటి మామా" అన్నాడు పోచయ్య కింద నుంచి.

"నిన్ను చూసి ఆగినయ్ బిడ్డా. చీరెకు వచ్చినయ్."

అప్పుడు కనకలక్ష్మి, అంతమందిలో, మొగుడి ముందుకు వచ్చింది. "గొంగడి కూసుంటె మనిషి కూసున్నట్టే అంటరు గద. గొంగడి మనిషైతె చీరె ఎందుకు కాదు?"

పద్ధతి తాతలనాటిది, కాదనడానికి లేదు. ఆడమనిషిని లోపలికి రానిస్తే అదీ తాతల మాట తప్పినట్టే. రెండిటి మధ్యా మొగిలి గడ్డం గీరుకున్నాడు. సైకిలు గంట మధ్య మధ్య మోగుతోంది.

"సరే. చీరెను వెట్టుకుంటం. మనిషిని కాదు" అన్నాడు చివరికి.

"చీరైనా సరేనండి, చెంబైనా సరేనండి. ముందు దీన్ని తీసెయ్యండి" అన్నాడు చలపతిరావు.

రుక్కమ్మ తన మందను చూసింది. డొక్కలు లోపలికి పోయి, నిలబడ్డచోటే ఊగుతున్నాయి. ఇంకాసేపు కొమ్ము వదలకుండా ఉంటే పేరు కూడా వచ్చేదేమో. కానీ గొర్రె ఆగదు. "చీరెకే ఇయ్యుండ్రి గడ్డి" అని సర్దార్‌ను పక్కకు లాగింది. ఆ సాయంత్రమే మంద శిఖంలో తుంగ మేసింది. వానలు పడేదాకా ఆమె మందలో పిల్లలేవీ ఆకలికి చావలేదు.

ఆ తరువాత సంఘంలో గొంగళ్ళ వరసలో, పోచయ్య గొంగడి తీసేసిన చోట, ఒక పచ్చ చీరె, మడత పెట్టి, కూర్చోవడం మొదలుపెట్టింది. రుక్కమ్మ దాన్ని గడప బయటి నుంచి అందించి వాకిట్లో నిలబడేది. నాలుగైదు సమావేశాలు అలా చూసి, ఒక రోజు ఆ చీరె కట్టుకునే వచ్చింది. నేరుగా లోపలికి వెళ్ళి చీరె చోట కూర్చుంది.

"ఏందే గిది?" అన్నాడు మొగిలి.

"సభ్యురాలొచ్చింది మామా."

"చీరెను వెట్టి బయటికి పో."

"కొత్తది ఉతికి ఆరేసిన, ఒంటిమీదున్నది గీ పచ్చదే. ఇడిసి పెట్టి ఎట్ల పోను?"

పోచయ్య కిటికీలోంచి, "మా ఇంట్ల ఉన్నయే రెండు చీరెలు మామా" అని సాక్ష్యం చెప్పాడు. అతనికి ఈలోగా పెళ్ళాం పక్షాన నిలబడడం అలవాటవుతోంది. రుక్కమ్మ ఆ రోజు కూర్చోవడమే కాదు, మాట్లాడింది కూడా. ఎండాకాలం బావి దగ్గర ఈనిన గొర్రెలకు ముందు నీళ్ళు పెట్టాలంది. పెట్టారు. జమ్మిచెట్లను మొదలంటా నరకొద్దు, కొమ్మలు కొట్టి వదిలేయాలంది. వదిలేశారు. సంఘం ఈ నిర్ణయాలన్నీ 'చీరె చెప్పిన ప్రకారం' అనే చెప్పుకుంది.

ఇది జరిగి ఆరేళ్ళయింది. ఈ డెబ్బై తొమ్మిదిలో కూడా గుండ్లబండ గొర్రెల సంఘంలో సభ్యురాలు చీరే, రుక్కమ్మ కాదు. ఆ చీరె ఇప్పుడు పాతబడిపోయింది. కొంగు సర్దార్ నమిలేసింది. అంచు రెండు చోట్ల అతుకు. నడుము దగ్గర గుడ్డ వెలుతురుకు పెడితే అవతలి మనిషి కనిపిస్తాడు. ఇంకో రెండు మూడు ఉతుకులకు మించి నిలవదు. చిరిగితే సభ్యత్వం కూడా చిరిగినట్టేనని మొగిలి ఇప్పటికే చెప్పాడు. కొత్త చీరె పెడతానంటే, గొర్రెలు వచ్చింది ఆ చీరెకు, ఈ చీరెకు కాదు అన్నాడు. కిందటి నెల నుంచి రుక్కమ్మ చీరెను ఉతకడం మానేసి ఎండలో ఆరబెట్టి దులుపుతోంది. ఈ ఎండాకాలం కూడా శిఖం పంచబోతున్నారు. భాగం పోతే మంద పోతుంది.

చదివి నవ్వినవాళ్ళు నవ్వడంతో ఆపకండి. ఉగాది తరువాత సంఘం సర్వసభ్య సమావేశం ఉంది. ఆలోగా తాలూకా సహకార ఆఫీసుకు ఒక కార్డు ముక్క రాయండి. చీరె పేరు కొట్టేసి రుక్కమ్మ పేరు రాయమని అడగండి, అంతకంటే ఏమీ అక్కర్లేదు. తీరికున్నవాళ్ళు ఆ రోజు హఫీజ్‌పేటలో రైలు దిగి వచ్చి వాకిట్లో నిలబడితే ఇంకా మంచిది. ఇక మీ ఊళ్ళో కూడా ఏదో ఒక సంఘం ఉండే ఉంటుంది, పాలదో, నేతదో, గొర్రెలదో. రేపు తెల్లవారగానే లేచి, ఆ పని చేస్తూ ఎవరు కనిపిస్తారో చూడండి. తరువాత సభ్యుల పేర్లు చదివించండి. చూసిన మనిషి పేరు అందులో లేకపోతే, నలుగురిలో లేచి నిలబడి ఎందుకు లేదని అడగండి. పేరు రాసేదాకా కూర్చోకండి.